నెలసరి నోటుబుక్కు – 4వ పాఠం: తప్పిపోయే నెలల్లో అండం రోజును పట్టుకోవడం

పోయిన పాఠంలో థర్మామీటర్‌ను దిండు పక్కన పెట్టుకుని, పొద్దున కాలు కింద పెట్టకముందే టెంపరేచర్ చూసి రాసుకోవడం నేర్చుకున్నాం. రెండు వారాలైనా రాసి ఉంటారనుకుంటాను. రాయనివాళ్లు రేపు పొద్దున నుంచే మొదలుపెట్టండి. నోటుబుక్కు చేతిలో లేకపోతే ఈ పాఠం సగమే ఎక్కుతుంది.

ఈసారి ఓవులేషన్ స్ట్రిప్‌ల గురించి, అంటే అండం రోజు దగ్గరపడిందని మూత్రంతో చూసి చెప్పే పట్టీల గురించి చెప్తానన్నాను. మధ్యలో ఒక చెల్లెలు తెచ్చిన క్యాలెండర్ చూశాక వరుస మార్చాల్సి వచ్చింది.

ఆమెది తాడిపత్రి పక్క పల్లె. భర్త బండల లారీ తోలతాడు. నెలలో సగం రోజులు బెంగళూరు, చెన్నై దారుల్లోనే ఉంటాడు. మూడేళ్ల పాప ఉంది, రెండో కాన్పు కోసం చూస్తున్నారు. ఎరువుల అంగడివాళ్లు ఇచ్చిన గోడ క్యాలెండర్‌ను చుట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. విప్పితే కొన్ని తేదీలకు ఎర్ర సున్నాలు, కొన్నిటికి నీలం సున్నాలు. ఎర్రవి కొడుకు రోజులట, నీలంవి కూతురు రోజులట.

"సరి రోజులు కొడుక్కి, బేసి రోజులు కూతురికి అని మా పెద్దమ్మ చెప్పినాది అక్కా. ఫోన్ వీడియోలో ఇంకో లెక్క ఉంది. గుడ్డు వదిలే రోజే కలిస్తే కొడుకంట, రెండు మూడు రోజులు ముందైతే కూతురంట. రెండూ కలిపి గీసుకున్యా."

"మరి నీలం రోజుల్లో?"

"దూరంగానే ఉంటిమి."

నెలసరి వచ్చిన తేదీల దగ్గర పెన్సిల్‌తో చిన్న చుక్కలున్నాయి. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు రోజులు లెక్కపెట్టాను. 34, 41, 29, 52. మొత్తం 156 రోజులు. ఐదు నెలల్లో లారీ దిగి ఇంటికొచ్చిన రోజులే తక్కువ. వాటిలో సగం నీలం సున్నాలకు పోయాయి.

ఆ నాలుగు అంకెలతోనే మన పాఠం మొదలుపెడదాం. మీ అంకెలు మీ పుస్తకంలో పక్కన రాసుకోండి.

14 తీసేసే లెక్క

నెలసరికి రెండు భాగాలుంటాయి. బయట చేరిన రోజు నుంచి అండం విడుదలయ్యేదాకా మొదటిది. అక్కడినుంచి మళ్లీ నెలసరి వచ్చేదాకా రెండోది. రెండో భాగం చాలామందికి 12 నుంచి 14 రోజులే ఉంటుంది, పెద్దగా మారదు. సాగేదీ కుంగేదీ మొదటి భాగమే. నెలసరి ఆలస్యంగా వచ్చిందంటే చాలాసార్లు అండం ఆలస్యంగా తయారైందని అర్థం.

ఇప్పుడు ఆమె అంకెల్లోంచి 14 చొప్పున తీసేయండి. 20, 27, 15, 38. ఆ నాలుగు నెలసరుల్లో అండం ఇంచుమించు ఆ రోజుల్లో విడుదలై ఉంటుంది. అందరూ చెప్పే "14వ రోజు" ఒక్క నెలలో దగ్గరికి వచ్చింది. ఆఖరి నెలలో 14వ రోజుకు ఎర్ర సున్నా పెట్టుకుంది, అసలు రోజు అక్కడికి 24 రోజుల అవతల ఉంది.

2000లో ఒక పెద్ద వైద్య పత్రికలో 213 మంది స్త్రీల నెలసరి లెక్కలు వచ్చాయి. గర్భం నిలిచే రోజులు మొత్తం 10 నుంచి 17వ రోజు లోపల పడినవాళ్లు వందకు 30 మందే. నెలసరి సరిగ్గా వచ్చేవాళ్లకే అలా ఉంటే, తప్పిపోయేవాళ్లకు క్యాలెండర్ ఏం చెప్తుంది?

ఇంకో పాత పద్ధతి ఉంది. అన్నిటికన్నా చిన్న నెలలోంచి 18, పెద్ద నెలలోంచి 11 తీసేస్తే మధ్యలోవి గర్భం నిలిచే రోజులంటారు. ఈమెకు 29 నుంచి 18 పోతే 11, 52 నుంచి 11 పోతే 41. అంటే 11వ రోజు నుంచి 41వ రోజుదాకా. నెలంతా అదే అయిపోయింది, ఈ లెక్కతో పని లేదు. 14 తీసేసే లెక్క కూడా నెలసరి వచ్చాకే పనికొస్తుంది, జరిగిపోయిన నెల గురించే చెప్తుంది. ముందుగా చెప్పగలిగింది ఒంట్లో ఇంకొకటి ఉంది.

జిగురు చదవడం

కింద పడే ఈ జిగురును చాలామంది తెల్లబట్ట అనుకుని భయపడతారు. నేను నర్సుగా వార్డులో పనిచేసే రోజుల్లో "అక్కా, మధ్యలో గుడ్డు సొనలాగా పడతాంది, ఏదన్నా రోగమా" అని అడిగిన ఆడవాళ్లు ఎంతమందో. రోగం కాదు. అండం తయారయ్యే కొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, ఆ హార్మోన్ గర్భసంచి ముఖద్వారం దగ్గర జిగురును పలచన చేస్తుంది. వీర్యకణాలకు దారి తెరుచుకునేది అప్పుడే.

చూడడం ఇలా. బాత్రూముకు పోయిన ప్రతిసారీ, మూత్రానికి ముందు, శుభ్రమైన తెల్ల నూలు గుడ్డముక్కతోనో టిష్యూతోనో తుడిచి చూడండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా విడదీయండి. రాత్రి పడుకునేముందు ఆ రోజు కనిపించినవాటిలో అన్నిటికన్నా పలచనిది ఏదో అది రాయండి. నేను నాలుగు అక్షరాలు వాడతాను.

పొ అంటే పొడిగా ఉంది, గుడ్డకు ఏమీ అంటలేదు. జి అంటే జిగటగా, గంజి ఆరినట్టు ఉంది, వేళ్లు విడదీస్తే తెగిపోతుంది. నీ అంటే నీళ్లలాగా తడి, లోబట్టకు చెమ్మ తెలుస్తుంది. సా అంటే సాగుతుంది. పచ్చి కోడిగుడ్డు సొనలాగా తేటగా, రెండు వేళ్ల మధ్య అంగుళం పైన తీగలాగా నిలబడుతుంది, తొందరగా తెగదు.

నీ, సా పడిన రోజులే మీ రోజులు. సా ఆఖరుగా కనిపించిన రోజు చుట్టుపక్కలే అండం విడుదలవుతుంది. అది ఆఖరు రోజని మరుసటి రోజు జి గానీ పొ గానీ వచ్చాకే తెలుస్తుంది, కాబట్టి ఆ గుర్తు ఒకరోజు ఆలస్యంగా పెట్టండి.

రెండు జాగ్రత్తలు. కలిసిన మరుసటి పొద్దున కనిపించే తడి వీర్యం కావచ్చు, ఆ రోజు దగ్గర ప్రశ్నార్థకం వేయండి. పెరుగు విరిగినట్టు ముద్దలుగా పడితే, దురద ఉంటే, వాసన వస్తే అది మన లెక్కలోది కాదు. డాక్టరుకు చూపించి మందులు వాడాలి.

అండాశయాల్లో నీటి బుడగలు ఉన్నాయని స్కానింగులో చెప్పి, పీసీఓఎస్ అని డాక్టరు తేల్చినవాళ్లు ఇక్కడ కొంచెం ఆగి చదవండి. మీకు సా రెండు మూడు రోజులు కనిపించి పోవచ్చు. వారం తర్వాత మళ్లీ రావచ్చు. మళ్లీ పోవచ్చు. ఒళ్లు అండం తయారుచేయబోయి ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. మొదటి సా చూసి "అయిపోయింది" అనుకుని పుస్తకం మూసేయకండి. నిజంగా విడుదలైందా లేదా అన్నది టెంపరేచరే తేలుస్తుంది.

ఆరు కింద, మూడు పైన

మనిళ్లలో ఉండే డిజిటల్ థర్మామీటర్ ఫారన్‌హీట్‌లో చూపిస్తుంది, అది చాలు. ఆ చెల్లెలు తర్వాతి నెలలో రాసిన వరుస ఇది: 97.3, 97.5, 97.4, 97.5, 97.2, 97.4. ఆ తర్వాత 97.9, 98.0, 98.1.

ముందటి ఆరు రోజుల్లో ఎక్కువది 97.5. ఆపైన వరసగా మూడు రోజులు దానికన్నా 0.4 అయినా ఎక్కువగా నిలబడితే అండం విడుదలైనట్టే. విడుదలయ్యాక వచ్చే ప్రొజెస్టిరాన్ ఒంటిని అంతమాత్రం వేడిచేస్తుంది. జ్వరం వచ్చిన రోజును, రాత్రంతా మేల్కొన్న రోజును లెక్కలోంచి తీసేయండి. ఎండాకాలంలో మిద్దెమీద పడుకుని తెల్లవారుజామున లోపలికి వచ్చి మళ్లీ పడుకునే అలవాటు ఉంటే, ఆ మొదటి మెలకువలోనే చూసుకోండి.

పెరిగిన టెంపరేచర్ 18 రోజులు దిగకుండా నెలసరి రాకపోతే ప్రెగ్నెన్సీ టెస్టు చేసుకోండి.

జిగురు ముందు చెప్తుంది, టెంపరేచర్ తర్వాత ఖాయం చేస్తుంది. బిడ్డ కోసం చూసేవాళ్లకు ముందు చెప్పేదే ముఖ్యం. అండం విడుదలయ్యాక ఒక్కరోజే బతుకుతుంది, మంచి జిగురులో వీర్యకణాలు ఐదు రోజులదాకా ఉంటాయి. అందుకే గర్భం నిలిచేది ఆ ఆరు రోజుల్లోనే: విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు. ఇవన్నీ చూడడం కష్టమనిపించినవాళ్లు నెల పొడవునా రెండు మూడు రోజులకొకసారి కలిస్తే ఆ ఆరు రోజులు ఎక్కడున్నా తప్పిపోవు. భర్త ఊళ్లు తిరిగే పనిలో ఉంటే, ఇంట్లో ఉన్న ప్రతి రోజూ లెక్కలోదే.

మరి కొడుకా, కూతురా?

ఒకవైపు అరగదీసిన చింతపిక్క తీసుకోండి, పిల్లలు ఆటకు వాడతారే, అది. ఒకవైపు నలుపు, ఒకవైపు తెలుపు. గాల్లోకి ఎగరేయండి. సోమవారం వేసినా శుక్రవారం వేసినా, పొద్దున వేసినా రాత్రి వేసినా ఏది పైకి పడుతుందో మీ చేతిలో లేదు. మూడుసార్లు నలుపు పడిందని నాలుగోసారి తెలుపు పడాలని లేదు.

బిడ్డ సంగతీ అంతే. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి వీర్యకణాల్లో కొన్ని ఎక్స్, కొన్ని వై. ఏది ముందు అండాన్ని చేరితే అది: ఎక్స్ అయితే కూతురు, వై అయితే కొడుకు. ఈ సంగతి 1905లోనే నెట్టీ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త పురుగుల్లో కనిపెట్టింది.

ఆ వీడియో లెక్క 1960ల్లో లాండ్రమ్ షెటిల్స్ అనే అమెరికా డాక్టరుది. వై కణాలు వేగంగా ఈదుతాయి, తొందరగా చనిపోతాయి, కాబట్టి అండం రోజే కలిస్తే కొడుకు అన్నాడు. తర్వాత కంప్యూటర్లతో కొలిస్తే రెండు రకాల కణాల వేగంలో తేడా కనిపించలేదు. 1995లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధన కోసం 221 మంది స్త్రీలు రోజూ మూత్రం పట్టి దాచి, కలిసిన రోజులన్నీ రాసిపెట్టారు. అండం రోజు ఖాయంగా తెలిసిన 625 నెలసరుల్లో 192 గర్భాలు నిలిచాయి. పైన చెప్పిన ఆరు రోజుల లెక్క వచ్చింది అక్కడినుంచే. కలిసిన రోజుకూ, పుట్టిన బిడ్డ ఆడా మగా అన్నదానికీ ఏ సంబంధమూ లేదని కూడా ఆ పరిశోధనే తేల్చింది. మూత్రంలో హార్మోన్లు కొలిచి రోజు కనిపెట్టినవాళ్లకే దొరకనిది, 29కీ 52కీ మధ్య ఊగే నెలసరిలో మనకు దొరకదు. ఆ ఆశతో సగం రోజులు వదిలేస్తే పోయేది గర్భం నిలిచే అవకాశం.

పసరు మందుల విషయంలో నేను మెత్తగా చెప్పను. మగబిడ్డ కోసమని నాటుగా ఇచ్చే పొట్లాలు, పసర్లు గర్భం తెలిసిన మొదటి వారాల్లో తాగిస్తారు. అప్పటికి ఆడో మగో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది, మందు మార్చేదేమీ లేదు. హర్యానాలో ఇలాంటి మందులు వాడిన తల్లుల మీద జరిగిన పరిశోధనల్లో బిడ్డకు అవయవ లోపాలు, కడుపులోనే చనిపోవడం ఎక్కువగా కనిపించాయి. ఎవరి చేతి మందైనా, ఎన్ని తరాల పేరున్నదైనా, తాగవద్దు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. స్కానింగులో ఆడా మగా చెప్పడాన్ని నిషేధించిన 1994 చట్టాన్ని 2003లో సవరించారు. గర్భానికి ముందే బిడ్డ లింగాన్ని ఎంచుకోవడం కూడా అప్పటినుంచి నేరం. అలాంటి సేవ కోసం పోయినవాళ్లకు మొదటిసారి 3 ఏళ్లదాకా జైలు, 50 వేలదాకా జరిమానా. గర్భిణిని మటుకు భర్తో బంధువులో బలవంతపెట్టారనే చట్టం ముందుగా భావిస్తుంది. ఆ మాట మీ ఇంట్లో ఒత్తిడి చేసేవాళ్ల ముందు గట్టిగా చెప్పండి. మన దేశంలో ఆరేళ్లలోపు ప్రతి 1,000 మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుంటే, 2001కి 927 అయ్యారు.

నాకు ఇద్దరూ కూతుళ్లే. రెండోది పుట్టిన రోజు మా అత్తమ్మ బిడ్డను చేతిలోకి తీసుకోలేదు. నర్సుగా అన్నీ తెలిసి కూడా ఆ రాత్రి పక్కకు తిరిగి ఏడ్చాను, తప్పు నాదే అన్నట్టు. పిక్క నా చేతిలో లేదని ఆ రోజు అత్తమ్మకు చెప్పే ధైర్యం రాలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

నెలసరి 35 రోజులు దాటి వస్తూ ఉంటే, లేదా ఏడాదికి ఎనిమిదిసార్లకన్నా తక్కువ వస్తే, ఏడాది ఆగకండి, ఇప్పుడే పోండి. ఈ నోటుబుక్కు తీసుకుపోండి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ రక్త పరీక్షలు, స్కానింగు రాస్తారు. పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువైతే, ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితేనే చాలామందికి అండం మళ్లీ విడుదలవుతుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. ఎంత మోతాదో పీహెచ్‌సీలోనో మీ డాక్టరునో అడగండి.

ఈ వారం పని

పోయిన నాలుగు నెలసరుల తేదీలు గుర్తున్నంతవరకు రాసి, మధ్య రోజులు లెక్కపెట్టి, ఒక్కోదాంట్లోంచి 14 తీసేయండి. ఇవాళ రాత్రి నుంచి టెంపరేచర్ పక్క గడిలో పొ, జి, నీ, సా రాయడం మొదలుపెట్టండి. ఇంట్లో వీలైతే మీ ఆయనతో చింతపిక్క 20 సార్లు ఎగరేయించి, నలుపు ఎన్ని తెలుపు ఎన్ని రాసిపెట్టండి.

ఆ చెల్లెలు క్యాలెండర్‌ను నా దగ్గరే వదిలిపోయింది. కొత్త 200 పేజీల నోటుబుక్కు కొనుక్కుంది. మొదటి పేజీలో రాసింది: "జి, 97.3, ఆయన ఇంట్లో ఉన్నాడు."

5వ పాఠంలో ఓవులేషన్ స్ట్రిప్‌లు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు అవి రోజుల తరబడి రెండు గీతలు ఎందుకు చూపిస్తాయో, అప్పుడు వాటిని ఎలా చదవాలో చూద్దాం. స్ట్రిప్‌లు ముందుగా కొనకండి, ఈ వారం గుడ్డముక్క, థర్మామీటర్ చాలు.