వలస పక్షుల కాలానికి ముందు: ఫోటో తీసేవారికీ, పేరు చెప్పేవారికీ కొన్ని జాగ్రత్తలు

వలస పక్షులు దిగే కాలం దగ్గరపడుతోందంటే పక్షి వీక్షకుల కాలు ఇంట్లో నిలవదు. రోజూ చూసే పిట్టల మధ్య ఎన్నడూ చూడని పిట్ట ఒకటి కనబడటం, దాన్ని కెమెరాలో పట్టుకోవడం, నలుగురికీ చూపించి "ఇదేమిటో చెప్పండి" అని అడగడం ఈ వ్యాపకంలోని అసలు సంబరం. అయితే ఆ సంబరపు తొందరలో రెండు నష్టాలు జరుగుతాయి. ఒకటి పక్షికి జరిగేది, రెండవది రికార్డుకు జరిగేది. పక్షిని బెదరగొట్టకూడదని అందరూ అంటూనే ఉంటారు కానీ, తప్పు పేరుతో, తప్పు తేదీతో ఒక ఫోటోను జనంలోకి వదలడాన్ని మాత్రం చిన్న పొరపాటుగా కొట్టిపారేస్తారు. నా దృష్టిలో అది అంత చిన్నది కాదు. లేని సమాచారం ఎవరినీ దారి తప్పించదు, తప్పుడు సమాచారం ఏళ్ల తరబడి తప్పిస్తుంది.

ఇందుకు ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ కథ చాలు. మధ్య భారతంలో 1872లో దొరికిన ఈ పక్షి 1884 తరువాత ఎవరి కంటా పడలేదు. కానీ మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి తాను 1914లో గుజరాత్‌లో దాన్ని సేకరించానని ఒక నమూనాకు చీటీ కట్టాడు. నిజానికి అది అంతకుముందెప్పుడో వేరొకరు సేకరించిన నమూనా; మ్యూజియం నుంచి దొంగిలించి, చోటూ తేదీ మార్చి తనదిగా చూపించుకున్నాడు. ఆ చీటీ సంగతి పక్కన పెట్టి పాత నమూనాలు దొరికిన చోట్లను నమ్ముకుని వెతికిన అమెరికా పక్షి శాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ బృందానికి 1997 నవంబరులో మహారాష్ట్రలో ఆ గుడ్లగూబ పట్టపగలే కొమ్మ మీద కూర్చుని కనిపించింది. మనలో ఎవరూ అంతటి మోసం చేయరు, నిజమే. కానీ తేదీ తప్పిన కెమెరా కూడా అలాంటి చీటీనే కడుతుంది, అదీ మనకు తెలియకుండా.

కాబట్టి బయలుదేరే ముందు చేయవలసిన మొదటి పని కెమెరా గడియారాన్ని సరిచూసుకోవడం. బ్యాటరీ లేకుండా నెలల తరబడి బీరువాలో పడి ఉన్న కెమెరాలో తేదీ ఎక్కడికో వెనక్కి పోయి ఉంటుంది. ఫోన్‌లోని సమయంతో పోల్చి దాన్ని సరిచేయాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే అందరి కెమెరాలనూ ఒకే నిమిషానికి పెట్టుకుంటే, తరువాత ఎవరి ఫోటో ఏ క్షణానిదో జతపరచడం తేలికవుతుంది. రెండవ పని మెమరీ కార్డును ఖాళీ చేసుకోవడం. ఇది చెప్పడానికి చిన్న విషయమే అయినా, నేను మాత్రం దెబ్బ తిని నేర్చుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక చెరువు అంచున ఉల్లంకి జాతి పిట్ట ఒకటి బురదలో పొడుచుకుంటూ కనిపించింది. కాళ్లు నల్లగా ఉన్నాయి, వీపు ముదురుగా ఉంది, అది గ్రీన్ శాండ్‌పైపర్ అని అక్కడికక్కడే తీర్మానించేసుకున్నాను. కార్డు నిండిపోవడంతో, అది లేచిపోయేటప్పుడు తీసిన మసక ఫోటోలు దేనికీ పనికిరావని గట్టు మీదే చెరిపేశాను. ఇంటికి వచ్చి మిగిలిన నాలుగు చక్కటి ఫోటోలు చూపిస్తే, అనుభవజ్ఞుడైన ఒక పెద్దాయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఎగిరినప్పుడు రెక్క అడుగుభాగం ఏ రంగులో ఉంది?" గ్రీన్ శాండ్‌పైపర్‌కు అది నల్లగా ఉంటుంది, దాన్ని పోలిన వుడ్ శాండ్‌పైపర్‌కు లేత రంగులో ఉంటుంది. నా దగ్గర సమాధానం లేదు. అదృష్టం కొద్దీ నాతో వచ్చిన మిత్రుడి కెమెరాలో ఒక మసక ఫోటో మిగిలింది, అందులో రెక్క అడుగు స్పష్టంగా లేతగానే ఉంది. పెద్దది చేసి చూస్తే కాళ్ల మీది నలుపు ఎండిన బురద. మోకాలు పైన, బురద అంటని చోట, వుడ్ శాండ్‌పైపర్ కాళ్లకుండే పసుపు రంగు కనబడుతోంది. ఆనాటి నుంచి గట్టు మీద ఏ ఫోటోనూ చెరపడం లేదు.

తెలియని పక్షి ఎదురైనప్పుడు అందమైన ఫోటో కోసం కాక, గుర్తులన్నీ దొరికే ఫోటోల కోసం చూడాలి. దూరం నుంచే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకుని, ఆపైన ముక్కు పక్కనుంచి కనబడేలా, కాళ్లు కనబడేలా, వీపు, నడుము, తోక కనబడేలా, చివరికి అది తనంతట తాను ఎగిరినప్పుడు రెక్కలు విచ్చుకున్నట్లుగా వరుసగా తీసుకుంటూ పోవాలి. స్నైప్ పిట్టల్లో కామన్ స్నైప్ రెక్క వెనుక అంచున తెల్లటి గీత ఉంటుంది, పిన్‌టెయిల్డ్ స్నైప్‌కు తోక అంచు ఈకలు సూదుల్లా సన్నగా ఉంటాయి. కూర్చున్నప్పుడు ఎంత చక్కగా తీసినా ఈ రెండు గుర్తులూ దాదాపు కనబడవు, ఒళ్లు విరుచుకునే ఒక్క క్షణంలోనో, ఎగిరేటప్పుడో మాత్రమే బయటపడతాయి. పక్కన మనకు బాగా తెలిసిన పక్షి ఏదైనా ఉంటే రెండూ ఒకే చట్రంలో పడేలా తీయాలి, ఎందుకంటే ఒంటరి పక్షి పరిమాణాన్ని అంచనా వేయడంలో కన్ను చాలా సులువుగా మోసపోతుంది. కూసినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. తోక ఆడించిందా, నడిచిందా, గెంతిందా, నీటిలో ఎంతవరకు దిగింది అన్నవి పుస్తకం తెరవకముందే రాసుకోవాలి. పుస్తకం తెరిచాక మన జ్ఞాపకం బొమ్మకు తగ్గట్టు మారిపోతుంది.

వెలుగు చేసే మాయను తక్కువగా అంచనా వేయకూడదు. సాయంకాలపు ఎండ బూడిదరంగు ముక్కుకు కూడా పసుపు పూస్తుంది, మిట్టమధ్యాహ్నపు ఎండలో లేత గోధుమరంగు తెల్లగా పేలిపోతుంది, వెనుక ఆకాశం ఉంటే మొత్తం పక్షే నల్లబడుతుంది. దీనికి తోడు ఈకలు మార్చుకుంటున్న పక్షులు, పిల్ల ఈకల్లో ఉన్నవి, రంగు లోపంతో అక్కడక్కడ తెల్లబడ్డవి ఏ బొమ్మకూ సరిపోక, కొత్త జాతి అనే భ్రమ కలిగిస్తాయి. పంజరం నుంచి తప్పించుకున్న పక్షులు మరో చిక్కు. కాలికి ఉంగరం, అరిగి విరిగిన తోక ఈకలు, మనుషులకు బెదరకపోవడం కనిపిస్తే ఆ అనుమానం తప్పక పెట్టుకోవాలి. శాస్త్రవేత్తలు వేసిన ఉంగరమైతే దాని రంగుల వరుసను, ఏ కాలికి ఉందన్నదాన్ని, అంకెలను అందినంతవరకు ఫోటో తీయాలి. కొన్నిసార్లు పేరు దొరకకపోవడమే సరైన జవాబు. చలికాలపు ఈకల్లో ఉన్న మన గుడ్డికొంగనూ, దాని చైనా బంధువునూ బయట చూసి వేరు చేయడం నిపుణులకు కూడా దాదాపు అసాధ్యం.

ఫోటో చూసి పక్షి పేరు సూచించే మెర్లిన్ వంటి యాప్‌లు ఎంతో సాయపడతాయి, అందులో సందేహం లేదు. అయితే అవి ఫోటోతోపాటు చోటునూ తేదీనీ కూడా లెక్కలోకి తీసుకుని, అక్కడ సాధారణంగా ఉండేవాటినే ముందు చూపుతాయి కనుక, అరుదైన పక్షి విషయంలో వాటిని ఒక సూచనగానే చూడాలి. మసక ఫోటోను స్పష్టంగా మార్చే కృత్రిమ మేధ ఉపకరణాలతో ఇంకా ఎక్కువ ప్రమాదం ఉంది. అవి కనబడని ఈకను ఊహించి గీస్తాయి. అంచులు కత్తిరించడం, వెలుగు కాస్త సవరించడం వరకు ఫరవాలేదు. అంతకు మించి చేసిన ఫోటోను గుర్తింపు కోసం ఎవరికీ పంపకూడదు, మార్పులు చేయని అసలు ఫైలును ఎప్పుడూ దాచి ఉంచాలి.

పేరు అడిగేటప్పుడు తేదీ, ప్రాంతం, నీరా గడ్డిమైదానమా అడవా అన్నది, సుమారు పరిమాణం, ప్రవర్తన చెప్పాలి. మనం అనుకుంటున్న పేరును మాత్రం ముందుగా చెప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం. "ఇది ఫలానాదేనా?" అని అడిగితే చూసేవారు ఆ ఫలానాదాని గుర్తులే వెతుకుతారు. జవాబు చెప్పేవారికీ ఒక బాధ్యత ఉంది. పేరుతోపాటు కారణం చెప్పాలి: ముక్కు పొడవు చూశారా, కనుబొమ గీత చూశారా, తోక చారలు చూశారా? కారణం లేని పదిమంది అంగీకారం కన్నా కారణంతో కూడిన ఒక్కరి అభ్యంతరానికి విలువ ఎక్కువ. చూసిన పక్షుల వివరాలను ఆన్‌లైన్‌లో నమోదు చేసే ఈబర్డ్ వంటి వ్యవస్థల్లో జాతి తేలనప్పుడు కుటుంబం వరకే రాసి ఆపడానికి, లేదా "ఈ రెండింటిలో ఒకటి" అని రాయడానికి వీలుంది. ఆ వీలును వాడుకోవడం నామోషీ కాదు.

ఇక చోటు సంగతి. గూడు, గుడ్లగూబలు పగలు తలదాచుకునే చెట్టు, వేటగాళ్లూ పక్షుల వ్యాపారులూ కన్నేసే జాతి, వీటిలో ఏదైనా సరే, కచ్చితమైన చోటును బయట పెట్టకూడదు. ఈబర్డ్ ఇలాంటి కొన్ని జాతుల చోటును తానే దాచిపెడుతుంది, కానీ మన చేతి నుంచి నేరుగా వెళ్లే ఫోటోను ఎవరు దాస్తారు? ఫోన్‌తో తీసిన ఫోటోలో అక్షాంశ రేఖాంశాలు ఇమిడి ఉండవచ్చు. పంపే ముందు వాటిని తీసివేయాలి. వెనుక కనబడే వంతెన, స్తంభం మీది అంకె కూడా తెలిసినవారికి దారి చూపిస్తాయి. పక్షి వెళ్లిపోయాక పెట్టిన ఫోటోకు వచ్చే మెచ్చుకోలు ఏమీ తగ్గదు.

గూడు కట్టిన పక్షి దగ్గరికి ఫోటో కోసం వెళ్లకపోవడమే మేలు. అడ్డొచ్చిన కొమ్మను వంచినా, ఆకులు తుంచినా అంతవరకు దాగి ఉన్న గుడ్ల మీద ఎండ పడుతుంది, కాకుల కన్ను కూడా పడుతుంది. పక్షి నోట పురుగు పట్టుకుని గూటికి వెళ్లకుండా అటూ ఇటూ గెంతుతోందంటే, లేదా నేల మీద రెక్క విరిగినట్లు నటిస్తూ దూరంగా లాక్కెళ్తోందంటే, మీరు గూటికి మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. వచ్చిన దారినే, అడుగు చూసుకుంటూ వెనుదిరగాలి. రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని రప్పించే పద్ధతి కూడా అంత అమాయకమైనది కాదు. తన హద్దులోకి మరో మగపక్షి చొరబడిందనుకుని అది మేత మాని, కొన్నిసార్లు గూడు వదిలి, లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది. రాత్రి పక్షుల కళ్లలోకి ఫ్లాష్ కొట్టడం, గుంపుల మీదికి డ్రోన్ పంపడం అసలే వద్దు.

గూడు లేని వలస పక్షికి ఆ ఇబ్బంది ఉండదనుకోవడం పొరపాటు. 2022 అక్టోబరులో ఐదు నెలల వయసున్న బార్-టెయిల్డ్ గాడ్‌విట్ ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియా వరకు ఎక్కడా దిగకుండా 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎగిరినట్లు దానికి అమర్చిన ఉపగ్రహ పరికరం చూపించింది. అంత దూరం వచ్చి దిగిన పక్షికి ప్రతి నిమిషం మేతా విశ్రాంతీ ప్రాణంతో సమానం. గుంపులో పొడుచుకు తినడం ఆగి తలలు పైకి లేస్తే అక్కడే నిలిచిపోవాలి. రెండు నిమిషాల్లో తలలు మళ్లీ కిందికి దిగకపోతే వెనక్కి జరగాలి. ఎగిరే ఫోటో కోసం గుంపును లేపడం కన్నా, అవి తమంతట లేచేదాకా కూర్చోవడమే నయం.

మన ఒంటి జాగ్రత్తలు క్లుప్తంగా చెప్తాను. చచ్చిన పక్షిని, ముఖ్యంగా ఒకేచోట పడి ఉన్న పలు పక్షులను, వట్టి చేతులతో ముట్టకూడదు. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటుంది కనుక ఫోటో తీసి పశువైద్య, అటవీ శాఖలకు తెలియజేయాలి. బైనాక్యులర్‌తోగానీ, కెమెరా అద్దాల వ్యూఫైండర్‌తోగానీ సూర్యుడి వైపు చూడకూడదు. కంటిని లెన్సుకు ఆనించి వెనక్కి నడవకూడదు.

నిజంగానే ఎన్నడూ చూడనిది కనబడిందనిపిస్తే, మరుసటి రోజు ఇంకొకరిని తోడు తీసుకుని అదే వేళకు అక్కడికే వెళ్లాలి. అరుణాచల్ ప్రదేశ్‌లోని ఈగల్‌నెస్ట్‌లో బుగున్ లియోసికలా అనే చిన్న పక్షిని ఖగోళ శాస్త్రవేత్త, పక్షి వీక్షకుడు రమణ ఆత్రేయ మొదట చూసింది 1995లో. మళ్లీ చూసింది 2005లో. 2006లో వలకు చిక్కిన పక్షులను కొలిచి, ఫోటోలు తీసి, రాలిన ఈకలను దాచుకుని, పక్షులను వదిలేశాకే అది కొత్త జాతి అని ప్రకటించారు. మనకు అంతటి భాగ్యం దక్కకపోవచ్చు. కానీ ప్రకటించిన పేరు తప్పని తేలినప్పుడు, పంపిన ప్రతిచోటా దాన్ని సవరించే ఓపిక మనకూ ఉండాలి. నా కంప్యూటర్‌లో "పేరు తేలనివి" అనే ఫోల్డర్ ఒకటి ఉంది. ప్రతి ఏడాదీ పక్షులు దిగే ముందు దాన్ని తెరిచి చూస్తాను. కొన్ని ఫోటోలు ఆ ఏడాది బయటికి వస్తాయి, కొన్ని ఇంకా అక్కడే ఉన్నాయి.