కొత్త క్యామ్‌కార్డర్‌లో బొమ్మ బాగా రావడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పెట్టె మీద ఫుల్ హెచ్‌డీ అని ఉంటుంది. తీసిన వీడియో కంప్యూటర్‌లో పెట్టి చూస్తే మాత్రం బొమ్మ మసకగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. కదిలే మనిషి అంచుల్లో అడ్డగీతలు కనిపిస్తాయి. కెమెరా వెనక్కి ఇచ్చేద్దాం అనుకునే ముందు ఒక్క పరీక్ష చేయండి. క్యామ్‌కార్డర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నేరుగా టీవీకి కలిపి అదే క్లిప్ ప్లే చేయండి. పసుపు పిన్ను ఉండే ఏవీ కేబుల్ ఇందుకు పనికిరాదు, దాని గుండా హెచ్‌డీ బొమ్మ వెళ్లదు. టీవీలో శుభ్రంగా కనిపిస్తే మీరు తీసింది బాగానే ఉంది, కంప్యూటర్ దగ్గరే ఏదో తేడా జరుగుతోంది. టీవీలోనూ అలాగే ఉంటే సెట్టింగులనో వెలుతురునో అనుమానించాలి.

ముందు మెనూ

మొదట రికార్డింగ్ మోడ్ చూడండి. కార్డులో ఎక్కువ గంటలు పట్టాలని చాలా క్యామ్‌కార్డర్లను మధ్యరకం మోడ్‌లో పెట్టి అమ్ముతారు. ఏవీసీహెచ్‌డీ (కార్డు మీద హెచ్‌డీ వీడియో రాసే ఒక పద్ధతి) కెమెరాల్లో ఎల్‌పీ మోడ్ అంటే సెకనుకు సుమారు 5 మెగాబిట్ల సమాచారం. ఎఫ్‌ఎక్స్, ఎంఎక్స్‌పీ లాంటి పేర్లతో ఉండే పై మోడ్‌లో 24 మెగాబిట్లు. నిలకడగా కూర్చుని మాట్లాడే మనిషిని తీస్తే ఈ రెంటికీ తేడా అంతగా తెలియదు. గాలికి ఊగే ఆకులు, పారే నీళ్లు, గుంపులో జనం వచ్చేసరికి 5 మెగాబిట్ల బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. అందుకే పై మోడ్‌లోనే ఉంచండి. గంటకు దాదాపు 11 జీబీ పడుతుంది, అంటే 32 జీబీ కార్డులో మూడు గంటలకు కాస్త తక్కువ. క్లాస్ 6 గానీ క్లాస్ 10 గానీ కార్డు సరిపోతుంది. అంతకన్నా వేగమైన కార్డు కొన్నా బొమ్మ ఏమీ మెరుగుపడదు.

డిజిటల్ జూమ్ ఆపేయండి. అది ఉన్న బొమ్మలో ఒక ముక్కను సాగదీసి చూపిస్తుంది, అంతే. ఆటో స్లో షట్టర్, లో లక్స్ లాంటివి ఉంటే అవీ ఆపండి. చీకట్లో అవి షట్టర్‌ను సెకనులో 25వ వంతుకో ఇంకా కిందికో దించుతాయి. బొమ్మ వెలుగుతుంది కానీ చెయ్యి ఊపితే చెయ్యంతా చెరిగిపోతుంది.

అసలు సంగతి వెలుతురు

ఎండలో బాగా వచ్చే కెమెరా ఇంట్లో ఎందుకు తేలిపోతుంది? ఈ తరహా క్యామ్‌కార్డర్ల సెన్సర్ చిటికెన వేలి గోరు కన్నా చిన్నది. ట్యూబ్‌లైట్ వెలుగు మన కంటికి చాలు కానీ దానికి చాలదు. లోటు పూడ్చడానికి కెమెరా సిగ్నల్‌ను పెంచుతుంది. దీన్నే గెయిన్ అంటారు. 6 డెసిబెల్స్ పెరిగితే సిగ్నల్ రెట్టింపు, 18 పెరిగితే ఎనిమిది రెట్లు. బొమ్మతో పాటు నాయిస్ కూడా అంతే పెరుగుతుంది. నల్లటి జుట్టు, గది మూలల్లోని నీడ దగ్గరగా చూడండి, అక్కడ రంగు చుక్కలు చీమల్లా పాకుతుంటాయి. ఆ చుక్కలు ఫ్రేము ఫ్రేముకూ మారుతాయి కాబట్టి వీడియోను కుదించే కంప్రెషన్ తన బిట్లన్నీ వాటికే ఖర్చు పెట్టేస్తుంది, ముఖంలోని వివరానికి మిగలవు. ఇంట్లో తీసిన వీడియో చుక్కలతో పాటు మెత్తగా కూడా కనిపించడానికి కారణం ఇదే.

దీనికి మందు మెనూలో దొరకదు, గదిలో వెలుతురు పెంచాల్సిందే. పగలైతే మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, మీరు కిటికీ వైపు వీపు పెట్టి తీయండి. కిటికీ వాళ్ల వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. రాత్రైతే ఉన్న దీపాలన్నీ వేసి, ఒకటి ముఖానికి కాస్త పక్కగా, కంటి ఎత్తు కన్నా పైన ఉండేలా దగ్గరికి జరపండి. దీపం దూరం సగానికి తగ్గిస్తే దాని వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది.

జూమ్ సంగతి చాలామందికి తెలియదు. జూమ్ చేసేకొద్దీ లెన్స్ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే ఎఫ్ అంకె పెరిగితే వెలుతురు తగ్గినట్టు. అది ఎఫ్1.8 నుంచి ఎఫ్3.6కి వెళ్లిందంటే నాలుగో వంతే మిగిలినట్టు. పైగా చేతి వణుకు అంతకంతా పెద్దదై కనిపిస్తుంది. ఇంట్లో తీసేటప్పుడు జూమ్ పూర్తిగా వెనక్కి లాగి, మీరే నాలుగడుగులు ముందుకు వెళ్లండి.

మెనూలో ఏజీసీ లిమిట్ (గెయిన్ ఎంతవరకు పెరగొచ్చో చెప్పే హద్దు) ఉంటే దాన్ని 9 లేదా 12 డెసిబెల్స్ దగ్గర పెట్టండి. బొమ్మ కొంచెం చీకటిగా వచ్చినా ఫర్వాలేదు, చుక్కల బొమ్మ కన్నా అదే నయం. దీపాల కింద బొమ్మ మినుకుమినుకుమంటే షట్టర్‌ను కరెంటుకు తగ్గట్టు మార్చాలి. 50 హెర్ట్జ్ ఉన్న చోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ ఉన్న చోట 1/60 లేదా 1/120. రంగు పచ్చగానో నీలంగానో తిరిగితే అదే వెలుతురులో తెల్ల కాగితాన్ని ఫ్రేము నిండా చూపించి వైట్ బ్యాలెన్స్ సెట్ చేయండి.

ఫోకస్ అటూఇటూ వెతుక్కుంటుంటే మాన్యువల్‌లోకి మార్చండి. పూర్తిగా జూమ్ చేసి కంటి మీద ఫోకస్ పెట్టి, వెనక్కి వచ్చి తీయండి. మనిషి కదిలితే మళ్లీ సరిచూసుకోవాలి. దీపాల చుట్టూ పొగమంచులాంటి వెలుగు కనిపిస్తే లెన్స్ మీద వేలిముద్ర ఉందేమో చూసి, మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.

కంప్యూటర్ దగ్గర పాడయ్యేవి

కదిలే అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తే అది ఇంటర్‌లేస్డ్ వీడియో. 50ఐ మోడ్‌లో కెమెరా ఒక క్షణం సరి గీతలు, మరుక్షణం బేసి గీతలు రికార్డు చేస్తుంది. కంప్యూటర్ రెంటినీ ఒకే ఫ్రేములో కలిపి చూపించేసరికి చెయ్యి రెండుచోట్ల ఉన్నట్టవుతుంది. వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో మెనూలోకి వెళ్లి డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, మోడ్‌గా యాడిఫ్ 2ఎక్స్ ఎంచుకుంటే గీతలు పోతాయి. కెమెరాలో గీతలన్నీ ఒకేసారి తీసే 50పీ లేదా 60పీ ఉంటే ఇకనుంచి అందులోనే తీయండి, ఈ గొడవే ఉండదు.

ఎడిటింగ్‌లో ప్రాజెక్టు సెట్టింగులు క్లిప్‌తో కలవాలి. ఇంటర్‌లేస్డ్ వీడియోలో ఏ గీతలు ముందో చెప్పే ఫీల్డ్ ఆర్డర్ ఏవీసీహెచ్‌డీకి అప్పర్ ఫస్ట్, పాత మినీడీవీ టేపు కెమెరాలకు లోయర్ ఫస్ట్. తారుమారైతే కదలిక ముందుకీ వెనక్కీ తడబడుతుంది. మినీడీవీ వాళ్లు టేపును ఫైర్‌వైర్ అనే కేబుల్ ద్వారానే ఎక్కించుకోవాలి. ఆ కాలపు కెమెరాల్లో చాలావాటి యూఎస్‌బీ తక్కువ సైజు బొమ్మనే పంపుతుంది.

కార్డు నుంచి కాపీ చేసేటప్పుడు ఒక్కో ఎంటీఎస్ ఫైలూ (ఏవీసీహెచ్‌డీ వీడియో ఫైలు) ఏరుకోకుండా ఫోల్డరు మొత్తం తీసుకోండి. పొడవైన రికార్డింగును కెమెరా ముక్కలుగా విడగొడుతుంది. ఫైళ్లను విడివిడిగా తీసి అతికిస్తే అతుకు దగ్గర మాట తెగిపోవచ్చు.

చివరి ఎక్స్‌పోర్ట్ ఎన్నిసార్లు చేస్తే అంత నష్టం, కాబట్టి ఎప్పుడూ అసలు ఫైలు నుంచే, ఒక్కసారే చేయండి. 1080పీ వీడియోను హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో ఇస్తే సెకనుకు 16 నుంచి 20 మెగాబిట్లు పెట్టండి. యూట్యూబ్ దాన్ని ఎలాగూ మళ్లీ కుదిస్తుంది, కాబట్టి మంచి ఫైలే ఇవ్వాలి. అప్‌లోడ్ అయిన వెంటనే తక్కువ నాణ్యతలోనే కనిపిస్తుంది, హెచ్‌డీ సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది. వాట్సాప్‌లో పంపితే వీడియోగా కాక డాక్యుమెంట్‌గా జతచేయండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.