కొత్త మొబైల్ ప్లాట్‌ఫాంకి యాప్ ఎప్పుడు చేయాలి?

కొత్త ఆపరేటింగ్ సిస్టంతో (ఫోన్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఓఎస్ అంటారు) ఫోన్ వస్తోందంటే చాలు, చిన్న యాప్ కంపెనీల్లో ఒకటే టెన్షన్. మనం ఆగితే పక్కవాడు దిగిపోతాడేమోనని. నేనూ ఒకసారి ఆ తొందరలోనే చేతులు కాల్చుకున్నాను, ఆ సంగతి కింద చెప్తాను. ఇప్పుడైతే ఈ వరుసలో ఆలోచిస్తున్నాను.

1. జనం ఆ ఫోన్ ఎందుకు కొంటున్నారో చూడండి

ఎక్కువ టైం దీనికే పెట్టండి. 2014 ఆగస్టులో ఇంటెక్స్ కంపెనీ మన దేశంలో క్లౌడ్ ఎఫ్ఎక్స్ అనే టచ్ ఫోన్ తెచ్చింది. ధర 1,999 రూపాయలు. లోపల ఉన్నది, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ ఓఎస్. చవకే కానీ, ఇంకాస్త డబ్బు వేస్తే వాట్సాప్‌తో సహా అన్నీ నడిచే ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చేస్తుంటే దీన్ని ఎవరు కొంటారు? 2015 డిసెంబరులో మొజిల్లా ఫోన్ల వ్యవహారం వదిలేస్తున్నామని చెప్పేసింది.

రెండేళ్లు తిరక్కుండానే, 2017లో జియోఫోన్ వచ్చింది. తమాషా ఏంటంటే, అందులోని కైఓఎస్ ఆ ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కోడ్‌లోంచి పుట్టిందే. పునాది అదే, ఫలితం వేరు. 1,500 రూపాయల డిపాజిట్ కడితే 4జీ ఫోన్, ఉచితంగా కాల్స్. యాప్‌లు ఉన్నాయా లేవా అని జనం చూడలేదు. ఏ యాప్ లేకపోయినా అమ్ముడుపోయే ఫోనేనా అన్నది నా మొదటి ప్రశ్న. అలాంటి ఫోన్ కాకపోతే మీరు వెళ్లి దాన్ని నిలబెట్టలేరు.

దీనికి జవాబు ఆఫీసులో దొరకదు. శనివారం సాయంత్రం హైదరాబాద్ జగదీశ్ మార్కెట్‌లోనో, మీ ఊళ్లో గిరాకీ ఉన్న ఫోన్ల షాపులోనో ఓ గంట నిలబడండి. "ఈ ఫోన్ బాగా పోతోందా తమ్ముడూ?" అంటే కౌంటర్ మీద కుర్రాడు ఎలాగూ "సూపర్‌గా పోతోందన్నా" అంటాడు. కొన్నవాళ్లు వారానికి తిరిగొచ్చి ఏమంటున్నారో అడగండి. "ఫలానా యాప్ రావట్లేదు, మార్చివ్వమంటున్నారు" అన్న మాట రెండుసార్లు వినబడితే ఇంటికొచ్చేయండి.

2. మీ యూజర్లను లెక్కపెట్టండి

ప్రెస్‌మీట్‌లో చెప్పే కోట్ల అంచనాలు నమ్ముకుంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. మీ వెబ్‌సైట్‌కి ఏ ఓఎస్ నుంచి ఎంతమంది వస్తున్నారో మూడు నెలలు వరుసగా రాసుకోండి. అంకె చిన్నదైనా నెలనెలా పెరగాలి.

3. చేసే ఖర్చే కాదు, మోసే ఖర్చు కూడా చూడండి

టచ్ కోసం రాసిన యాప్‌ని జియోఫోన్‌లోకి తేవడం ఊహించుకోండి. తెర 2.4 అంగుళాలు, ర్యామ్ 512 ఎంబీ. వేలితో పక్కకి జరపడం ఉండదు, నాలుగు వైపుల బటన్లూ మధ్యలో ఓకే. పంచాంగంలో 1వ తేదీ గడి నుంచి 28కి వెళ్లాలంటే ఎన్నిసార్లు నొక్కాలి? ప్రతి పేజీకీ ఈ లెక్క వేసుకుని మళ్లీ రాయాలి.

అదొక్కసారే. అసలు బరువు ఆ తర్వాత మొదలవుతుంది. మా పంచాంగం యాప్‌ని ఓ కొత్త ప్లాట్‌ఫాంకి చేశాం (పేరెందుకులెండి, ఇప్పుడు లేదు). మూడు నెలల పని. మొదటి వారం స్టోర్ ముందు పేజీలో వేశారు, స్వీట్లు పంచుకున్నాం. తర్వాత వాళ్ల అప్‌డేట్‌తో మా కోడ్ ఆగిపోయింది. ఉగాది నెత్తిమీదికొచ్చింది, ఆండ్రాయిడ్‌లో కొత్త సంవత్సరం తిథులు ఎక్కించాలి. ఉన్నది ఇద్దరం. అందులో ఒకడు రోజుకి పాతికమంది కూడా తెరవని యాప్‌ని బాగుచేస్తూ కూచున్నాడు. ఆ ఏడాది ఆండ్రాయిడ్ యూజర్లకి పంచాంగం పండగ అయిపోయిన నాలుగు రోజులకి అందింది. రివ్యూల్లో ఎన్ని తిట్లో!

4. ప్లాట్‌ఫాం వాళ్లే ఎదురు డబ్బిస్తామంటే

ఇంకోసారి ఆలోచించండి. 2013లో బ్లాక్‌బెర్రీ 10 వచ్చినప్పుడు, వాళ్ల షరతులకు నిలిచి మొదటి ఏడాది కనీసం 1,000 డాలర్లు సంపాదించిన యాప్‌కి, 10,000 డాలర్లకి ఎంత తగ్గితే అంత తామే వేస్తామన్నారు. అయినా ఆ ప్లాట్‌ఫాం నిలబడలేదు. అలాంటి డబ్బు మోసే ఖర్చుకి కూడా సరిపోతుందంటే తీసుకోండి, తప్పేం లేదు.

5. ఆలస్యమైతే పోయేదేంటో అడగండి

ఇన్‌స్టాగ్రాం 2010 అక్టోబరు నుంచి ఏడాదిన్నర ఐఫోన్‌లోనే ఉంది. 2012 ఏప్రిల్‌లో ఆండ్రాయిడ్‌కి వస్తే మొదటి రోజే పది లక్షల డౌన్‌లోడ్లు దాటాయి. వాట్సాప్ కూడా జియోఫోన్‌లోకి 2018 సెప్టెంబరులో గానీ రాలేదు. అప్పటికే కోట్ల ఫోన్లు జనం చేతుల్లో ఉన్నాయి. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. అయితే వాళ్లకి పేరుంది, ఎప్పుడొచ్చినా జనం వెతుక్కుంటూ వస్తారు. పేరులేని మనకి ఖాళీ స్టోర్‌లో ముందు కనబడటం లాభమే, 1, 2 అడుగులు దాటితేనే.

6. తేదీ రాసి పెట్టుకోండి

ఆగుతున్నప్పుడు కూడా డెవలపర్ అకౌంట్ తీసుకుని యాప్ పేరు పట్టేయండి, బ్రౌజర్‌లో నడిచే వెర్షన్ ఒకటి ఉంచండి. దిగేముందు, ఎప్పుడు దిగాలో ఎప్పుడు మూసేయాలో అందరూ చూసేలా రాయండి. మా గోడమీద కాగితంలో ఇలా ఉంది: "సైట్‌కి వచ్చేవాళ్లలో ఆ ఓఎస్ వాళ్లు నూటికి ఐదుగురు దాటితే మొదలు. ఏడాదిలో నూటికి పదిమంది కాకపోతే దసరాకి మూత. ఉగాది ముందు రెండు నెలలు దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు."