చప్పుడు చేయని, బలమైన సీపీయూ ఎయిర్ కూలర్‌ను ఎలా ఎంచుకోవాలి?

ఫ్యాన్ గోల భరించలేక కొత్త కూలర్ కొందామనుకునేవాళ్లు ముందుగా చూసేది పెట్టె మీద ఉన్న డెసిబెల్ అంకెనే. ఆ అంకెతో పెద్దగా పని లేదు. మెల్లగా తిరిగితే దాదాపు ఏ ఫ్యానూ వినపడదు, జోరుగా తిరిగితే ఎంత మంచి ఫ్యానైనా వినపడుతుంది. ఫ్యాన్ మెల్లగా తిరుగుతున్నా ప్రాసెసర్ (సీపీయూ) వేడెక్కకూడదంటే హీట్‌సింక్, అంటే వేడిని లాగి గాలికి వదిలే లోహపు రెక్కల దిమ్మ, పెద్దదై ఉండాలి. కాబట్టి లోహం అవసరానికి మించి కొనుక్కుని, ఫ్యాన్‌ను మాత్రం అవసరమైనంతే తిప్పాలి. కింద చెప్పబోయే మెట్లన్నీ దీనికోసమే.

1. ముందు గోల ఎక్కడి నుంచో పట్టుకోండి

చప్పుడు సీపీయూ ఫ్యాన్‌దేనని ఖాయం చేసుకోకుండా కూలర్ కొనకండి. గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, క్యాబినెట్ ఫ్యాన్లు, పాత హార్డ్ డిస్కు, అన్నిటినీ అనుమానించాల్సిందే. బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగ్‌లు) వెళ్లి సీపీయూ ఫ్యాన్ వేగాన్ని ఒక్క నిమిషం బాగా తగ్గించి వినండి. గోల తగ్గకపోతే దొంగ వేరే చోట ఉన్నట్టే. గేమ్ ఆడేటప్పుడు మాత్రమే హోరు వస్తుంటే అది చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డుదే అవుతుంది. పనిలో పనిగా ఉన్న కూలర్ రెక్కల మధ్య దుమ్ము పేరుకుందేమో కూడా చూడండి. బ్రష్షుతో దులిపితే పోయేదానికి కొత్త కూలర్ ఎందుకు?

2. ప్రాసెసర్ నిజంగా ఎన్ని వాట్లు తింటుందో తెలుసుకోండి

ప్రాసెసర్ పేరు పక్కన కనిపించే 65 వాట్లు, 125 వాట్లు అనే టీడీపీ అంకెను (కంపెనీ చెప్పే మామూలు వేడి లెక్క) నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. టర్బోలో, అంటే మామూలు వేగాన్ని దాటి పరుగెత్తేటప్పుడు, అదే చిప్ ఇంకా చాలా ఎక్కువ తింటుంది. ఇంటెల్ 12వ తరం నుంచి ఈ రెండో అంకెను 'మ్యాక్సిమమ్ టర్బో పవర్' పేరుతో స్పెసిఫికేషన్లలోనే ఇస్తోంది. కోర్ ఐ5-12400కు బేస్ పవర్ 65 వాట్లు, టర్బోలో 117. ఐ5-13400కు బేస్ అదే 65, టర్బోలో 148. ఐ9-13900కే అయితే 125 నుంచి ఏకంగా 253కు వెళ్తుంది. ఏఎండీ లెక్క ఇంకోలా ఉంటుంది. ఏఎం5 సాకెట్ (మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే గూడు) చిప్‌లలో టీడీపీని 1.35తో గుణిస్తే గరిష్ఠంగా తీసుకునే పవర్ వస్తుంది. అలా రైజెన్ 5 7600 సుమారు 88 వాట్ల దాకా, రైజెన్ 9 7950ఎక్స్ 230 వాట్ల దాకా పోతాయి. కొన్ని మదర్‌బోర్డులు ఇంటెల్ చిప్‌లకున్న ఈ పరిమితిని కూడా ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే ఎత్తేస్తాయి. అది బయోస్‌లో ఒకసారి చూసుకోవాలి.

ఇవన్నీ కోర్లన్నీ ఒకేసారి కష్టపడేటప్పటి అంకెలు. వీడియో ఎన్‌కోడింగ్, 3డీ రెండరింగ్, పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చేయడం లాంటి పనుల్లోనే ఇవి కనిపిస్తాయి. 120 వాట్ల టీడీపీ ఉన్న రైజెన్ 7 7800ఎక్స్3డీ గేముల్లో సాధారణంగా 100 వాట్లు కూడా దాటదు. రోజంతా రెండరింగ్ చేసేవాళ్లకూ సాయంత్రం ఓ గేమ్ ఆడుకునేవాళ్లకూ ఒకే కూలర్ అక్కర్లేదు.

డిగ్రీలు చూసి టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్‌లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. 7950ఎక్స్‌కు 95. పూర్తి లోడ్‌లో ఆ 95 దాకా వెళ్లి అక్కడే పనిచేసేలా దాన్ని తయారుచేశారు. 7800ఎక్స్3డీలో కోర్ల నెత్తిన అదనపు క్యాష్ (చిప్ లోపలి చిన్న, వేగవంతమైన మెమరీ) పేర్చి ఉంటుంది కాబట్టి లోపలి వేడి బయటికి రావడమే కష్టం. వాట్లు తక్కువే అయినా డిగ్రీలు ఎక్కువ కనిపిస్తాయి. అలాంటి చోట ఎంత పెద్ద కూలర్ పెట్టినా నాలుగైదు డిగ్రీలకు మించి ఆశపడకండి. తర్వాత వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ క్యాష్‌ను కోర్ల కిందికి మార్చాక ఇబ్బంది బాగా తగ్గింది.

పైసా ఖర్చు లేకుండా నిశ్శబ్దం తెచ్చే దారి కూడా ఒకటుంది: పవర్ పరిమితి తగ్గించడం. రైజెన్ బోర్డుల బయోస్‌లో పవర్‌ను తగ్గించే ఎకో మోడ్ ఉంటుంది. 7950ఎక్స్‌ను 65 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే 230 వాట్ల గరిష్ఠం 88కి దిగుతుంది. పవర్ తగ్గినంతగా పనితీరు తగ్గదు. ఇంటెల్ బోర్డుల్లో లాంగ్, షార్ట్ పవర్ లిమిట్లను (ఎక్కువసేపు, కాసేపు తీసుకోగల వాట్ల పరిమితులు) మీరే రాసుకోవచ్చు. కూలర్ కొనకముందే దీన్ని చేసి చూడమంటాను.

3. టేపు తీసి కొలవండి

ప్రతి క్యాబినెట్ స్పెసిఫికేషన్‌లోనూ గరిష్ఠ సీపీయూ కూలర్ ఎత్తు రాసి ఉంటుంది. డీప్‌కూల్ ఏకే400, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ రెండూ 155 మి.మీ. ఎత్తు. నాక్టువా ఎన్‌హెచ్-యూ12ఎస్ 158, డీప్‌కూల్ ఏకే620 160, నాక్టువా ఎన్‌హెచ్-డి15 165. క్యాబినెట్ 160 అంటే 160 కూలర్ కొనేయకండి, నాలుగైదు మిల్లీమీటర్లు మిగలాలి. ఎత్తు సరిపోని సన్నని క్యాబినెట్లకు నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ లాంటి 37 మి.మీ. పొట్టి కూలర్లు ఉన్నాయి. వాటితో 150 వాట్ల చిప్‌ను చప్పుడు లేకుండా చల్లబరచాలనుకోవడం అత్యాశే.

ఇక్కడ ఎక్కువమంది మర్చిపోయేది ర్యామ్. రెండు టవర్ల (నిలువుగా నిలబడే రెక్కల దిమ్మలు) కూలర్లలో ముందు ఫ్యాన్ సరిగ్గా ర్యామ్ మీదికి వస్తుంది. ఎన్‌హెచ్-డి15 రెండు ఫ్యాన్లతో ఉంటే ర్యామ్‌కు మిగిలేది 32 మి.మీ. మాత్రమే. లైట్లూ కిరీటాలూ ఉన్న ర్యామ్ స్టిక్‌లు 40 మి.మీ. దాటి ఉంటాయి. ఫ్యాన్‌ను కాస్త పైకి జరిపి బిగించవచ్చు గానీ, జరిపిన మేరకు కూలర్ ఎత్తు పెరుగుతుంది, మళ్లీ క్యాబినెట్ తలుపు దగ్గర ఆగుతారు. ఇంకా ర్యామ్ కొనకపోతే మామూలు ఎత్తున్న స్టిక్‌లు తీసుకోండి.

సాకెట్ సంగతి త్వరగా తేలిపోతుంది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో బిగింపు రంధ్రాల మధ్య దూరం 78 మి.మీ., అంతకుముందున్న ఎల్‌జీఏ1200లో 75. అందుకే పాత కూలర్‌ను వాడాలంటే కొత్త బిగింపు కిట్ కావాలి. ఏఎండీ ఏఎం5లో రంధ్రాలు పాత ఏఎం4లాగే ఉన్నా, బోర్డు వెనక ప్లేటు సాకెట్‌లో భాగం కాబట్టి దాన్ని తీయకూడదు. సొంత వెనక ప్లేటు అడిగే పాత కూలర్లు దానికి పనికిరావు.

4. హీట్‌సింక్ ఎంత పెద్దది?

రాగి గొట్టాల్లాంటి హీట్ పైపులు గట్టి కడ్డీలు కావు, లోపల బోలుగా ఉంటాయి. కొద్దిగా ద్రవం ఉంటుంది. ప్రాసెసర్ వైపు అది ఆవిరై, చల్లని రెక్కల వైపు వెళ్లి మళ్లీ ద్రవంగా మారి, లోపలి గోడలకున్న సన్నని రంధ్రాల పొర గుండా వెనక్కి పీల్చుకుపోతుంది. ఈ పైపులు నాలుగా, ఆరా, ఏడా అన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. చిప్ చిన్నదై మధ్యలో ఉంటే, ప్రాసెసర్‌ను నేరుగా తాకే పైపులున్న కూలర్లలో అంచు పైపులకు వేడి సరిగా అందదు. నికెల్ పూత వేసిన చదునైన రాగి బేస్ ఉన్నవాటిలో ఈ తేడా తక్కువ.

నా లెక్క ఇది. పూర్తి లోడ్‌లో 100, 120 వాట్ల లోపు ఉండే చిప్‌కు నాలుగు పైపులు, ఒక 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న ఒంటి టవర్ చాలు. 120 దాటి 200 దాకా అయితే ఆరు పైపుల జంట టవర్ తీసుకోండి. ఆ పైన, అదీ గంటల తరబడి నడిచే పనైతే, ఎయిర్ కూలర్‌తో ఉష్ణోగ్రత అదుపులో పెట్టొచ్చు గానీ చప్పుడు అదుపులో ఉండదు. అక్కడ పవర్ పరిమితి తగ్గించుకోవడమో, లిక్విడ్ కూలర్‌కు వెళ్లడమో చేయాలి. అసలు ఫ్యాన్ లేని నాక్టువా ఎన్‌హెచ్-పి1 లాంటివీ ఉన్నాయి. అవి తక్కువ వాట్ల చిప్‌లకు, గాలి బాగా ఆడే క్యాబినెట్లకు మాత్రమే.

ఎటూ తేల్చుకోలేకపోతే ఒక మెట్టు పెద్దదే కొనండి. ప్రాసెసర్ మార్చినా కూలర్ ఉండిపోతుంది.

5. ఫ్యాన్, డెసిబెల్ అంకె

ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగానికి తగ్గుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి చప్పుడు సుమారు సగమైనట్టు అనిపిస్తుంది కాబట్టి ఇది చిన్న తేడా కాదు. 1500 ఆర్‌పీఎంలో (నిమిషానికి 1500 తిప్పులు) చిరాకు పెట్టే ఫ్యాన్ 750లో వినపడకుండా పోవచ్చు. రెండో ఫ్యాన్ తగిలించినా పెరిగేది 3 డెసిబెల్స్ లోపే. అందుకే జోరుగా తిరిగే ఒక్క ఫ్యాన్ కన్నా మెల్లగా తిరిగే రెండు ఫ్యాన్లు మేలు.

పెట్టె మీది 25 డీబీఏ, 22 డీబీఏ లాంటి డెసిబెల్ అంకెలను ఒక కంపెనీతో మరో కంపెనీకి పోల్చకండి. ఎంత దూరం నుంచి, ఎలాంటి గదిలో, ఫ్యాన్‌ను ఒంటరిగానా లేక హీట్‌సింక్‌కు బిగించా కొలిచారన్నది అందరికీ ఒకేలా ఉండదు. వీటికి బదులు రివ్యూల్లో చప్పుడును సమానంగా ఉంచి ఉష్ణోగ్రతలు పోల్చిన పట్టికలు వెతకండి. కూలర్ బలం, నిశ్శబ్దం రెండూ ఒకేచోట తెలిసేది అందులోనే.

బోర్డు వేగాన్ని సంకేతాలతో అదుపు చేయగలిగే నాలుగు పిన్‌ల పీడబ్ల్యూఎం ఫ్యానే తీసుకోండి. కనిష్ఠ వేగం ఎంతో చూడండి. 300 నుంచి 600 ఆర్‌పీఎం మధ్య ఉంటే బాగుంటుంది. బేరింగ్‌లలో (ఫ్యాన్ ఇరుసు తిరిగే చోటు) ఫ్లూయిడ్ డైనమిక్ రకానిది మన్నిక, నిశ్శబ్దం రెండింటికీ మంచి ఎంపిక. మెల్లగా తిరిగేటప్పుడు టిక్ టిక్‌మనే మోటారు కొన్ని ఫ్యాన్లలో ఉంటుంది. గాలి చప్పుడు లేని వేళ అది చెవిలో జోరీగే. డెలివరీ అయిన రోజే చెవి దగ్గర పెట్టుకుని విని, ఉంటే వెనక్కి ఇచ్చేయండి.

6. బిగించేటప్పుడు

కూలర్ అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూసుకోండి. ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత థర్మల్ పేస్టు వేసి, కూలర్‌ను నిలువుగా దించండి. ఒక స్క్రూ పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్తే కూలర్ ఒకవైపు లేచి పేస్టు పక్కకు పోతుంది. ఇటు రెండు తిప్పులు, అటు రెండు తిప్పులు చొప్పున స్క్రూ దానంతటది ఆగేదాకా తిప్పండి, ఆపై బలవంతం వద్దు. ఫ్యాన్‌లో అడ్డ పట్టీలు కనిపించే వైపు నుంచి గాలి బయటికి వస్తుంది. ఆ వైపు క్యాబినెట్ వెనక ఫ్యాన్‌కు ఎదురుగా ఉండాలి. ముందు భాగం గాజుతో మూసేసిన క్యాబినెట్‌లో ఎంత గొప్ప కూలరైనా తను వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది.

7. ఫ్యాన్ కర్వ్: అసలు పని ఇక్కడే

మంచి కూలర్ కొని ఫ్యాక్టరీ సెట్టింగ్‌లోనే వదిలేస్తే సగం లాభం పోయినట్టే. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరవగానే ప్రాసెసర్ ఒక్క క్షణం 70 డిగ్రీలకు ఎగురుతుంది, ఫ్యాన్ బుస్సుమంటుంది, రెండు సెకన్లలో మళ్లీ చప్పబడుతుంది. ఒకే స్థాయిలో ఉండే చప్పుడును చెవి మర్చిపోతుంది గానీ, ఈ ఎగుడుదిగుడును మర్చిపోదు.

క్యాబినెట్ తలుపు మూసి, రోజూ కూర్చునే కుర్చీలోనే, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూర్చోండి. ఫ్యాన్ వేగాన్ని 500 ఆర్‌పీఎం దగ్గర ఆపి వినండి. తర్వాత 600, 700, 800 అంటూ వందేసి పెంచండి. ఎక్కడో ఒకచోట గది చప్పుడును దాటి ఫ్యాన్ వినపడటం మొదలవుతుంది. ఆ అంకె రాసుకోండి. అది ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది, మీ చెవికి వచ్చిందే మీకు ప్రమాణం.

ఇప్పుడు బయోస్‌లో కర్వ్, అంటే ఏ ఉష్ణోగ్రతకు ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో చెప్పే గీత, గీయండి. సీపీయూ ఫ్యాన్ హెడర్ (బోర్డు మీద ఫ్యాన్ తీగ తగిలించే చోటు) వోల్టేజీతో వేగం మార్చే డీసీ మోడ్‌లో కాక పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉండేలా చూసి, 65, 70 డిగ్రీల దాకా మీ అంకెకు కాస్త కింద ఒకే గీతగా ఉంచండి. అక్కడి నుంచి 85 డిగ్రీల దాకా నెమ్మదిగా పెంచి, ఆ పైన పూర్తి వేగానికి వదిలేయండి. ఫ్యాన్ స్పందించే ఆలస్యాన్ని బోర్డును బట్టి 'స్టెప్ అప్' లేదా 'స్మూతింగ్' అంటారు. దాన్ని మూడు నుంచి ఐదు సెకన్లకు పెడితే ట్యాబ్ తెరిచినప్పటి బుస్సు మాయమవుతుంది. ఆ కాసేపటి వేడిని హీట్‌సింక్ లోహమే మింగేస్తుంది.

రెండు ఫ్యాన్లు దాదాపు ఒకే వేగంతో తిరిగితే 'ఊం... ఊం...' అని లేస్తూ పడుతూ ఒక గుంజాటన వినపడవచ్చు. వాటిని వేర్వేరు హెడర్లకు తగిలించి ఒకదాన్ని యాభై, వంద ఆర్‌పీఎం తక్కువలో పెడితే అది పోతుంది.

చివరగా ప్రాసెసర్‌ను కష్టపెట్టే సినీబెంచ్ లాంటి పరీక్ష ప్రోగ్రామ్‌ను అరగంట నడిపి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలతల ప్రోగ్రామ్‌లో డిగ్రీలతో పాటు వాట్లు, క్లాక్ వేగం (ప్రాసెసర్ పనిచేసే వేగం) కూడా చూడండి. క్లాక్ వేగం నిలకడగా ఉండి, ఉష్ణోగ్రత చిప్ పరిమితికి ఐదారు డిగ్రీలు కింద ఆగితే చాలు. ఇంకా కిందికి దించాలని ఫ్యాన్ వేగం పెంచకండి. పరిమితిని తాకి క్లాక్ వేగం పడిపోతుంటే ముందు బిగింపు, పేస్టు సరిచూసి, ఆ తర్వాతే కర్వ్ ముట్టుకోండి.

కిలో పైన బరువుండే జంట టవర్ కూలర్ పెట్టుకున్నవాళ్లు ఇల్లు మారేటప్పుడో, కంప్యూటర్‌ను పార్సిల్‌లో పంపేటప్పుడో దాన్ని విప్పి విడిగా ప్యాక్ చేయాలి. కుదుపులకు బోర్డు వంగి సాకెట్ దెబ్బతినే ప్రమాదం ఉంది. తిరిగి బిగించేటప్పుడు పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వేయండి.