ఊరి భూమిని కాపాడే సంఘం: కార్యవర్గాన్ని నడిపే పద్ధతి

గోదావరి డెల్టాలో ఖాళీగా కనిపించే భూమి ఏదీ ఖాళీ కాదు. మురుగు కాల్వ గట్టు మీద పక్క రొయ్యల చెరువుకి కన్ను, ఊరి పుంత (చేల మధ్య బాట) మీద ఇరుపక్కల చేలకి కన్ను, ఏటిలోపలి లంక మీద అరటితోటకి కన్ను, ఉప్పుటేటి ఒడ్డున మడ (ఉప్పునీటిలో పెరిగే చెట్ల) తోపు మీద ఇంకో చెరువుకి కన్ను. అలాంటి చోట పదెకరాల మంచినీటి చెరువునో నాలుగెకరాల మడనో ఉన్నదున్నట్టు నిలబెట్టాలని జీతంలేని మనుషులు కలిసి సంఘం పెట్టుకుంటారు. ఆ సంఘం నిలవాలంటే కార్యవర్గం మూడు పనులు తప్పకుండా చేయాలి. హద్దు తెలుసుకుని ఉండాలి, కాగితం సరిగ్గా ఉంచాలి, ఏటా రెండుసార్లు కాలినడకన వెళ్ళి చూడాలి. మొక్కలు నాటడం, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించడం వంటివన్నీ వీటి తరువాతే.

ఎవరిని కూర్చోబెట్టాలి

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురు కావాలి. కార్యవర్గానికి తొమ్మిదిమంది సరిపోతారు. ఏడుగురే ఉంటే రెండు పెళ్ళిళ్ళు ఒకరోజున పడితే కోరం ఉండదు, పదిహేనుమంది అయితే ఎవరికీ బాధ్యత అంటదు.

పేరున్నవాళ్ళతో నింపొద్దు. పని తెలిసినవాళ్ళు కావాలి. అడంగల్ (ఏ పొలం ఎవరి సాగులో ఉందో చూపే రికార్డు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) చదవగలిగిన విశ్రాంత సర్వేయరు గానీ గ్రామ రెవెన్యూ అధికారి గానీ ఒకరు తప్పనిసరి. లెక్కలు రాసేవారు ఒకరు. ఏరూ పాయలూ రోజూ తిరిగే మత్స్యకారులు ఒకరు, ఎందుకంటే గట్టు కొత్తగా లేస్తే ముందు తెలిసేది వాళ్ళకే. డ్వాక్రా సంఘం నడిపిన అనుభవమున్న మహిళలు ఇద్దరు. మినిట్స్, పొదుపు లెక్క, సంతకాల క్రమశిక్షణ వాళ్ళకి అలవాటైన పని. మురుగు కాల్వకి దిగువన వరి పండించే రైతు ఒకరు. ఫోన్‌లో జీపీఎస్ వాడగల కుర్రవాళ్ళు ఒకరిద్దరు. న్యాయవాదిని మాత్రం సలహాదారుగా బయట ఉంచడమే మంచిది. కార్యవర్గంలో ఓటు వేసిన మనిషే రేపు ఆ నిర్ణయం మీద వకాల్తా పుచ్చుకోవడం ఇబ్బంది.

రొయ్యల రైతుని చేర్చుకోవాలా అన్న ప్రశ్న ప్రతి ఊళ్ళోనూ వస్తుంది. చేర్చుకోవాలనే మా అభిప్రాయం. నీళ్ళు ఎప్పుడు వదులుతారో, లీజు ఎంత పలుకుతోందో, ఎవరు ఎక్కడ తవ్వబోతున్నారో ఆయనకి తెలిసినట్టు మరొకరికి తెలియదు. కాకపోతే ఆయన ప్రయోజనం ఎక్కడెక్కడ ఉందో ముందే కాగితం మీద పెట్టాలి.

ఈ నియమం ఆయనొక్కరికే కాదు. సంఘం భూమికి అర కిలోమీటరు లోపు తనకి, భార్య లేదా భర్తకి, పిల్లలకి, అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి, బావమరుదులకి ఉన్న సొంత భూమి, లీజు భూమి సర్వే నంబర్లతో సహా ప్రతి సభ్యుడూ ఏటా ఏప్రిల్‌లో రాసివ్వాలి. లీజులో భాగస్వాములనీ, అప్పు ఇచ్చినవాళ్ళనీ కూడా అందులో చేర్చండి. డెల్టాలో అందరూ అందరికీ చుట్టాలే కాబట్టి "బంధువులు" అని ఊరికే రాస్తే ఆ మాటకి అర్థం మిగలదు, వరసలు పేరుపేరునా రాయాలి. ఆ నంబరు చర్చకి వచ్చినప్పుడు ఆ సభ్యులు గది బయటికి వెళ్ళాలి. ఎప్పుడు వెళ్ళారో ఎప్పుడు తిరిగొచ్చారో మినిట్స్‌లో ఎక్కాలి. గదిలోనే కూర్చుని "నేను మాట్లాడనండి" అంటే కుదరదు. ఆయన ఎదుట మిగతావాళ్ళూ మాట్లాడరు.

సమావేశం

ఏడాదికి ఆరు సమావేశాలు చాలు. పంటల లెక్క చూసుకుని తేదీలు పెట్టండి. సార్వా (మొదటి పంట) నాట్ల జూలై, కోతల నవంబరు, సంక్రాంతి ముందు పదిరోజులు వదిలేయాలి. ఏడు రోజుల ముందు అజెండా, లెక్కల కాగితం అందరికీ చేరాలి. గంటన్నరలో ముగించాలి: గత తీర్మానాల్లో ఏవి జరిగాయో పది నిమిషాలు, జమాఖర్చులు పదిహేను, భూముల సంగతి నలభై ఐదు, మిగతావి ఇరవై. భూముల సంగతిని చివరికి నెడితే టీ వచ్చేసరికి అందరూ లేచిపోతారు.

అధ్యక్షులు తమ మాట చివరలో చెప్పాలి. ముందే చెప్పేస్తే మిగతా ఎనిమిదిమందీ "మీరెలా అంటే అలాగేనండి" అంటారు. పైకి మర్యాదే, కానీ ఆ నిర్ణయం వాళ్ళది కాకుండా పోతుంది, రేపు ఒత్తిడి వస్తే ఎవరూ వెంట నిలబడరు. తక్కువ మాట్లాడేవాళ్ళని ముందు అడగండి. ఏదైనా విషయం మీద భిన్నాభిప్రాయం ఉంటే అదీ రాయించండి.

మినిట్స్‌కి కుట్టిన పుస్తకం వాడాలి, పేజీలకి నంబర్లు వేసి ఉండాలి. "చెరువు ఆక్రమణ గురించి చర్చించడమైనది" అన్న వాక్యం ఎందుకూ పనికిరాదు. ఏ సర్వే నంబరు, ఏ వైపు గట్టు, ఎంత పొడవు, ఎవరు వెళ్ళి మాట్లాడాలి, ఏ తేదీలోగా, ఇవన్నీ ఉండాలి. ముగిసిన వెంటనే చదివి వినిపించి అక్కడే సంతకాలు తీసుకోండి. ఇంటికెళ్ళి రాస్తామన్న మినిట్స్ ఆరునెలలకి జ్ఞాపకం మీద రాస్తారు, అవి కోర్టులో నిలవవు.

ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితాని జిల్లా సొసైటీల రిజిస్ట్రారుకి దాఖలు చేయాలి. రెండేళ్ళు మానేసి ఎన్నికలు పెట్టుకుంటే పాతవర్గం ఒక జాబితా, కొత్తవర్గం ఒక జాబితా పట్టుకుని బ్యాంకు ముందు నిలబడతారు. ఈలోగా గట్టు జరిగిపోతుంది.

భూమి తీసుకునే ముందు

దాత మంచివారని భూమి తీసుకోకూడదు. గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ, అడంగల్, 1-బి (ఎవరి పేరున ఏ భూమి ఉందో చూపే రికార్డు), ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల ధ్రువపత్రం) తెప్పించాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద రిజిస్టరు చేయకూడని భూముల జాబితాలో ఆ నంబరు ఉందేమో చూడాలి. 2020 చివర్లో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్ళలో సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (భూఖండ పటం) నంబరు వచ్చింది. పాత దస్తావేజులు పాత నంబరుతోనే ఉంటాయి కాబట్టి రెండు నంబర్లనీ పక్కపక్కన రాసిన పట్టిక ఒకటి సంఘం ఫైలు మొదటి పేజీలో ఉండాలి. మీ ఊళ్ళో రీసర్వే ఇంకా జరగాల్సి ఉంటే, సర్వే బృందం వచ్చిన రోజున హద్దు చూపించడానికి ఇద్దరిని అక్కడ నిలబెట్టండి. పక్క రైతు ఒక్కరే ఉంటే ఆయన చూపించిందే హద్దు.

దానపత్రం రిజిస్టరు కావాలి, ఇద్దరు సాక్షులుండాలి, దాత బతికుండగానే సంఘం స్వీకరించాలి. స్వీకరిస్తున్నట్టు కార్యవర్గ తీర్మానం దస్తావేజుకి ముందే ఉంటే మంచిది. లీజు ఏడాదికి మించితే దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. డీ-ఫారం పట్టా (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన) భూమి అయితే అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం, 1977 ముందుకొస్తుంది. దానికి తరువాత సవరణలొచ్చాయి, కాబట్టి తహసీల్దారు నుంచి రాతపూర్వకంగా తెలుసుకోకుండా ఒక్క రూపాయి కదపొద్దు.

అమెరికాలో భూమి యజమానిదిగానే ఉండి, దాన్ని మార్చకూడదన్న షరతు మాత్రం సంస్థ చేతికి ఇచ్చే ఈజ్‌మెంట్ పద్ధతి ఉంది. ఆ నమూనా పత్రాలు దించుకుని ఇక్కడ రాయించొద్దు. మన 1882 ఈజ్‌మెంట్ చట్టంలో ఆ హక్కు మరో భూమి అనుభవానికి ముడిపడి ఉంటుంది, ఊరికే ఒక సంఘం పేరున నిలబడదు.

చెరువు, పుంత, మురుగు కాల్వ పోరంబోకు సంఘం సొంతం కావు. అక్కడ సంఘానిది కాపలా పాత్రే. గ్రామసభ తీర్మానం తీసుకుని పంచాయతీతో కలిసి నడవాలి. ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించడానికి రాష్ట్రాలు పథకాలు రూపొందించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జనవరి 28న ఆదేశించింది. ఆ తీర్పు ప్రతి ఒకటి ఫైల్లో ఉంచుకుని అర్జీలకి జతచేయండి.

నడిచి చూడటం

ఏటా రెండుసార్లు: కాలువలకి నీళ్ళు ఆపేశాక మే నెలలో ఒకసారి, వరదలు తీసి దాళ్వా (రెండో పంట) మొదలయ్యేలోపు నవంబరు-డిసెంబరులో ఒకసారి. మేలో నీరు తగ్గి హద్దురాళ్ళు, గట్ల అడుగు కనిపిస్తాయి. ముగ్గురు వెళ్ళాలి, అందులో ఒకరు కార్యవర్గం బయటివాళ్ళై ఉండాలి. ప్రతి హద్దు మలుపుకీ ఒక నంబరు పెట్టి, అదే చోట నిలబడి అదే దిక్కుకి ఏటా ఫొటో తీయాలి. పదిరోజుల్లో రెండు పేజీల నివేదిక రావాలి.

ఆక్రమణ డెల్టాలో ఒక్కరోజున జరగదు. గట్టు ఏటా బురద వేసి బలపరుస్తారు, వేసిన ప్రతిసారీ అది కాస్త ఇటు జరుగుతుంది. 436 అడుగుల పొడవున్న గట్టు ఒక్క అడుగు లోపలికి వస్తే ఒక సెంటు పోయినట్టు. కంటితో చూస్తే తెలియదు, టేపు వేస్తేనే తెలుస్తుంది. పాత ఎఫ్‌ఎంబీ కొలతలు గొలుసు, లింకుల్లో ఉంటాయి: గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. లంకల్లో రాళ్ళు వరదకి కొట్టుకుపోతాయి, కోతకి నేలే పోతుంది. అక్కడ హద్దుల దూరాన్ని ఏటిగట్టు మీది కదలని గుర్తుల నుంచి కొలిచి రాసుకోవాలి.

మడ దగ్గర చెట్లు లెక్కపెట్టడంతో ఆగొద్దు. గొడ్డలి తగలకుండానే మడ చస్తుంది. పోటు నీరు వచ్చే పాయకి అడ్డంగా గట్టు వేస్తే లోపల రెండే జరుగుతాయి: నీరు రాక వేసవిలో ఉప్పు పేరుకుంటుంది, లేదా వచ్చిన నీరు పోక నేలపైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు మునిగిపోయి తెల్లమడ నిలువునా ఎండుతుంది. కాబట్టి పాయల నోళ్ళు తెరిచున్నాయా, పోటుకి నీరు ఎంతవరకు వస్తోంది, పాటుకి పూర్తిగా తీస్తోందా అన్నది రాయండి. కోరింగ అభయారణ్యం హద్దు లోపలైతే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగుపెట్టొద్దు, మంచి పనికైనా సరే. అభయారణ్యం బయట ఉన్న మడ కూడా తీర నియంత్రణ నిబంధనల కిందికి వస్తుంది.

తేడా కనబడితే మొదటి మాట సామరస్యంగానే ఉండాలి, ఆ వీధి సభ్యులే వెళ్ళాలి. "మావయ్యగారండీ, గట్టు కాస్త ఇటు జరిగినట్టుందండి. మే నెల ఫొటో ఇదిగోనండి, ఒకసారి చూడండి" అంటే సగం గొడవలు అక్కడే తేలే అవకాశం ఉంది. వారంలో కదలిక లేకపోతే అక్నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్డ్ ఉత్తరం. ఆపైన హద్దు తేల్చమని ఎఫ్-లైన్ అర్జీ, సోమవారం కలెక్టరేట్ అర్జీల కార్యక్రమంలో వినతి, దాని మీద ఏం చేశారో తెలుసుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు. దానికి జవాబు గడువు 30 రోజులు. కుర్రాళ్ళని పలుగూ పారా ఇచ్చి గట్టు తవ్వడానికి పంపే అధ్యక్షులు సంఘాన్ని కేసుల్లో ముంచుతారు.

డబ్బు

ముగ్గురిలో ఇద్దరి సంతకం ఉంటేనే చెక్కు. ఆన్‌లైన్ బ్యాంకింగ్ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తోందో చూడండి. అది అధ్యక్షుల అబ్బాయి ఫోనైతే ఇద్దరి సంతకం నియమం ఉన్నా లేనట్టే. విరాళం మీద ఆదాయపన్ను రాయితీ కోరే దాతల నుంచి నగదు 2,000 రూపాయలకి మించి తీసుకోవద్దు, ఆపైన రాయితీ రాదు.

విదేశాల్లో ఉన్న మన పిల్లలు పంపే డబ్బు దగ్గర చాలామంది తెలియక తప్పు చేస్తారు. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదనలోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. అవి లేకుండా వెయ్యి రూపాయలు పడినా నేరమే. రసీదు రాసేముందు "ఇప్పుడు ఏ దేశం పాస్‌పోర్టు బాబూ?" అని అడగాలి.

భూమి తీసుకున్న రోజే దాని పోషణకి నిధి పెట్టాలి. కంచె, సర్వే ఫీజు, ప్రయాణం కలిపి ఏటా 12,000 అవుతుందనుకుంటే, 6 శాతం వడ్డీకి 2 లక్షలు డిపాజిట్ ఉండాలి. ఆ సొమ్ము మూలనిధికని దాత స్వయంగా రాసిచ్చిన కాగితం ఆడిటరుకి కావాలి.

అప్పగింత

పదవీకాలం మూడేళ్ళు, వరసగా రెండుసార్లకి మించకూడదని బైలాల్లో రాసుకోండి. ఏటా ముగ్గురు దిగి ముగ్గురు కొత్తవాళ్ళు రావాలి, తొమ్మిదిమందీ ఒక్కసారి మారకూడదు. అసలు దస్తావేజులు అధ్యక్షుల బీరువాలో కాదు, సంఘం పేరున బ్యాంకు లాకర్‌లో ఉండాలి. స్కాన్ ప్రతులు ఇద్దరి దగ్గర. దిగిపోయేవాళ్ళు అప్పగించాల్సినవి ఒక జాబితాగా రాసి ఇరువురూ సంతకం చేయాలి: లాకరు తాళం, మినిట్స్ పుస్తకాలు, పాన్, ఆదాయపన్ను పోర్టల్ పాస్‌వర్డు, బ్యాంకులో ఫోన్ నంబరు మార్పు అర్జీ, పెండింగు అర్జీల రసీదులు. పాత అధ్యక్షులు ఏడాదిపాటు సమావేశాలకి రాకపోవడం మంచిది, వస్తే అందరి చూపూ ఆయనవైపే తిరుగుతుంది. మే నెల నడకకి మాత్రం తప్పకుండా పిలవండి. ఏ రాయి ఏ తుప్పకింద ఉందో ఆయనకి తెలుసు.