కూటంలో డిడాఖే చదివించాలంటే

మా రాయగడలో ఇంటి కూటానికి లూథరన్లూ వస్తారు, బాప్టిస్టులూ వస్తారు, పెంతెకొస్తు వాళ్ళూ వస్తారు. వాట్సాప్‌లో ‘చర్చి దాచేసిన సువార్తలు’ అని ఒక వీడియో తిరిగిందంటే ఆ వారం ప్రార్థన తక్కువ, వాదన ఎక్కువ. కుర్రాళ్ళేమో ముందు బైబిల్లో లేని తోమా సువార్త చదువుదామంటారు. నేను వద్దంటాను. అందులో పుట్టుక కథ లేదు, సిలువ కథ లేదు. యేసు చెప్పినవంటూ 114 మాటలు వరసగా ఉంటాయి, అంతే. మొదటే దాన్ని పెడితే పెద్దవాళ్ళకు టెన్షన్, మిగతావాళ్ళకు బోర్.

డిడాఖేతో మొదలుపెట్టండి. అపొస్తలుల బోధ అన్నమాట, తొలి క్రైస్తవ సంఘాలు ఎలా నడుచుకోవాలో చెప్పే పుస్తకం. పదహారు చిన్న అధ్యాయాలే. చాలామంది పండితుల లెక్కలో మొదటి శతాబ్దం చివరిదో, రెండో శతాబ్దం మొదటిదో. 1056 నాటి రాతప్రతి ఒకటి 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడేదాకా దీని పూర్తి పాఠం ఎవరికీ దొరకలేదు. ఇంగ్లీషు అనువాదాలు నెట్‌లో ఉచితం. చదవబోయే ముక్కను ముందురోజే తెలుగులో రాసి పెట్టుకోండి, అక్కడికక్కడ చెప్పబోతే తడబడతారు.

ముందు ఏడో అధ్యాయం తీయండి. పారే నీళ్ళలో బాప్తిస్మం ఇవ్వండి, అవి లేకపోతే వేరే నీళ్ళలో, చన్నీళ్ళు కుదరకపోతే వేణ్ణీళ్ళలో, ఏవీ సరిపడా లేకపోతే తలమీద మూడుసార్లు పోయండి అని ఉంటుంది. నాగావళిలో ముంచితే తప్ప బాప్తిస్మం కాదనేవాళ్ళనూ చిలకరిస్తే చాలనేవాళ్ళనూ పక్కపక్కన కూర్చోబెట్టి ఇది చదవండి. తీర్పు మాత్రం మీరు చెప్పొద్దు. మా ఇంట్లో ఆ సాయంత్రం టీ మళ్ళీ పెట్టాల్సొచ్చింది.

పదకొండో అధ్యాయం పాస్టరుగారు ఉన్నప్పుడే చదవండి. మంచాయనైతే నవ్వుతారు. ఊరూరా తిరిగే అపొస్తలుడు వస్తే ఒకరోజు ఉంచుకోండి, అవసరమైతే రెండోరోజూ సరే, మూడోరోజూ ఉన్నాడంటే అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు రాత్రి బస చేరేదాకా సరిపడే రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదు. డబ్బడిగినా అబద్ధ ప్రవక్తే. విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చి, కానుక కవరు చేతిలో పడేదాకా కదలని దైవజనులను చూసినవాళ్ళకు ఇక్కడ వివరణ అక్కర్లేదు.

‘ఇంత మంచిదైతే బైబిల్లో ఎందుకు లేదు?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు క్రీ.శ. 367 నాటి సంగతి చెప్పండి. అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియస్ ఆ ఏటి ఈస్టర్ లేఖలో కొత్త నిబంధనకు మనకిప్పుడున్న 27 పుస్తకాలనే రాశాడు. అదే లేఖలో అపొస్తలుల బోధ, హెర్మా కాపరి అనే మరో తొలినాటి క్రైస్తవ పుస్తకం ఆ పట్టికలోవి కావుగానీ కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్ళకు చదివి వినిపించవచ్చన్నాడు. దాచేసేవాడు ఎవడైనా చదవమంటాడా?

ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) వాళ్ళ బైబిల్లో ఉండే తోబితు, మక్కబీయులు అనే పుస్తకాలు వేరే సంగతి, అవి పాత నిబంధన వైపువి. కలిపేయకండి.

తర్వాత తోమా కార్యాలు, అంటే యేసు శిష్యుడు తోమా భారతదేశానికి వచ్చాడని చెప్పే పాత కథల పుస్తకం. రాజు కోట కట్టమని ఇచ్చిన డబ్బంతా తోమా బీదలకు పంచేసి, కోట పరలోకంలో లేచిందంటాడు. ఆ రాజు గొందోఫరేసు పేరున్న నాణేలు వాయవ్య భారతంలో దొరికాయి. రాజు నిజమైనంత మాత్రాన కథంతా నిజమని మాత్రం అనకండి.

సండేస్కూల్ పిల్లలు అడిగితే తోమా రాసిందనే బాల్య సువార్తలోంచి బంకమట్టి పిచ్చుకలకు ప్రాణమొచ్చే కథ చెప్పి ఆపేయండి. ఆ వెంటనే, తను కట్టిన నీటిగుంటలు చెడగొట్టిన పిల్లాణ్ణి బాలయేసు శపిస్తే వాడు ఎండిపోతాడు. అదీ చెప్పారంటే మర్నాడు తల్లులు ఫోన్ చేస్తారు.