పాత సర్ఫ్‌బోర్డు పుట్టుపూర్వోత్తరాలు – 3వ పాఠం: బోర్లా తిప్పి చూడటం

కిందటి పాఠంలో సర్ఫ్‌బోర్డుకు, అంటే అలల మీద నిలబడి జారే పలకకు, పట్టిన మైనం గోకేసి, పొడవు, వెడల్పు, మందం కొలిచి రాసుకున్నాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో పనుంది. ఇవాళ బోర్డును బోర్లా తిప్పుదాం. లోగో జోలికి ఇప్పుడే వెళ్లకండి. కాకినాడలో పాత సామాన్ల కొట్టతను ఆ లోగో చూపించే కదా, "1960ల నాటి సరుకండి బాబూ" అని ధర పెంచేది!

ముందు ఫిన్‌లు, అంటే తోక దగ్గర అడుగున చేప రెక్కల్లా పొడుచుకొచ్చేవి, లెక్కపెట్టండి. ఒక్కటే ఉంటే కాలం తేలదు. పాతవాటికీ ఒకటే, ఇప్పటి పొడుగు బోర్డుల్లో చాలావాటికీ ఒకటే. మూడుండి, అవి ఇంచుమించు ఒకే సైజులో ఉంటే మాత్రం పట్టు దొరికినట్టే. ఆ అమరికను ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ 1980లో రూపొందించాడు. 1981లో దాని మీదే బెల్స్ బీచ్ సర్ఫింగ్ పోటీ గెలిచాక అందరూ దాని వెంట పడ్డారు. అలాంటి మూడు ఫిన్‌ల బోర్డును 1960లదంటే నమ్మక్కర్లేదు. ఒక్కో ఫిన్‌కూ రెండేసి గుండ్రటి ప్లాస్టిక్ గూళ్లుండి, స్క్రూలతో ఊడొచ్చేలా ఉంటే ఇంకా ఇటీవలిది, 1990లదో ఆ తర్వాతిదో.

తోక దగ్గర, మనం నిలబడే వైపు, చిన్న గుంట, అందులో అడ్డంగా కడ్డీ ఉందా? అది కాలికి కట్టుకునే తాడు కోసం. ఆ తాడు 1970ల మొదట్లో వాడుకలోకి వచ్చింది. కానీ పాత బోర్డుకు తర్వాత గుంట తొలిచినవాళ్లూ ఉన్నారు కాబట్టి గుంట చుట్టూ రెజిన్ (బోర్డు పైపొరలో గట్టిపడే జిగురు) రంగు తేడాగా ఉందేమో చూడండి. మీకు తెలియకపోతే ఉప్పాడలోనో అంతర్వేదిలోనో ఫైబర్ పడవలు బాగుచేసే మేస్త్రీకి చూపించండి. ఆయన సర్ఫ్‌బోర్డు ఎన్నడూ చూడకపోయినా అతుకును ఇట్టే పట్టేస్తాడు. చూపించడం వరకే సుమా! లోపల ఉన్నది థర్మాకోల్ జాతి ఫోమ్ అయితే, పడవలకు వాడే పాలిస్టర్ రెజిన్ తగలగానే కరిగిపోతుంది.

ఇక అసలు సంగతి, పెన్సిల్ రాత. బోర్డుకు నిలువునా నడిమధ్య సన్నని చెక్క పట్టీ కనిపిస్తుంది, దాన్ని స్ట్రింగర్ అంటారు. ఫోమ్‌ను చెక్కి ఆకారం తెచ్చే షేపర్, పని అయ్యాక దాని పక్కనే కొలతలూ సంతకమూ, ఒక్కోసారి నంబరో కొనేవాడి పేరో పెన్సిల్‌తో రాస్తాడు. దాని మీద గ్లాస్ గుడ్డ (గాజు పీచుతో నేసింది) పరిచి రెజిన్ పోస్తారు కాబట్టి ఆ రాత చెరగదు. ఎండకు రెజిన్ పసుపెక్కి మసకబారుతుంది, అంతే. తడిగుడ్డతో తుడిచి, చీకటి గదిలో టార్చి పక్కనుంచి వేసి ఫోటో తీయండి. ఫోన్లో దాన్ని నలుపు-తెలుపు చేస్తే అక్షరాలు తేలతాయి. గరుకు కాగితం మాత్రం ముట్టుకోవద్దు.

అక్కడ 6 అడుగుల 4 అంగుళాలని ఉండి, మీ కాగితంలో 6 అడుగుల 2 అంగుళాలే ఉంటే? ముక్కో తోకో విరిగితే మళ్లీ చెక్కి ఉంటారు. సంతకంలో ఒక పేరు, లోగోలో మరో పేరు ఉందని మోసం అనుకోకండి. పేరున్న కంపెనీల్లో చాలామంది షేపర్లు పనిచేస్తారు. గ్లాస్ వేసేది ఒకరు, సానబట్టేది ఇంకొకరు. నన్నడిగితే సంతకం పెట్టినవాడే బోర్డు కర్త.

లోపలి ఫోమ్ ఏ కంపెనీదో తెలిసినా షేపర్ ఎవరో తెలియదు. 2005 డిసెంబర్ 5న మూతపడేదాకా అమెరికా బోర్డుల్లో ఎక్కువ భాగానికి క్లార్క్ ఫోమ్ అనే ఒక్క కంపెనీయే ఫోమ్ సరఫరా చేసేది.

ఇప్పుడు లోగో మీద గోరు పెట్టి గీయండి. అసలు లోగో పల్చని రైస్ పేపర్ మీద అచ్చయి గ్లాస్ కిందే ఉంటుంది, గోరుకు తగలదు. అంచు తగిలిందా, తర్వాత ఎవరో అంటించిన స్టిక్కరే.

అభ్యాసం: కాగితంపై రెండు వరసలు గీయండి. బోర్డు మీద చూసినవి ఒకదాంట్లో, అమ్మినవాడు చెప్పినవి రెండోదాంట్లో రాయండి. షేపర్‌కు ఉత్తరం ఎలా రాయాలో వచ్చే పాఠంలో చూద్దాం. దాన్లోకి మొదటి వరసే ఎక్కుతుంది.